మందిరం వెనక గడ్డి

అడవి మంటల పరిశోధన కేంద్రం,
చలి తగ్గుముఖం పట్టిన వారం

అన్నయ్యకు,

నేను క్షేమం. వదిన ఎలా ఉందో నువ్వు ఎలాగూ రాయవు, ఆవిడనే ఒక ముక్క రాయమను.

ఫోన్ చేద్దామంటే నా మొదటి మాట పూర్తికాకుండానే నువ్వు ప్రసంగం అందుకుంటావు. ఉత్తరానికి అడ్డు తగలడం కుదరదు. అందుకే ఇది.

నేనిప్పుడు పనిచేసే గది నీకు బాగా నచ్చుతుంది. ఇటుక గోడలు, ఇనుప తలుపు, ఒక చివర మనిషంత ఫ్యాను, మధ్యలో ఇనుప బల్ల. ఆ బల్లని కొండవాలులా ఎంత కావాలంటే అంత ఏటవాలుగా ఎత్తొచ్చు. దానిమీద ఎండుటాకులు పరిచి, నిప్పు పెట్టి, మంట ఎంత ఎత్తు లేచిందో, ఎంత జోరుగా పాకిందో కొలుస్తాం. రోజూ నరకం తెరవడం, సాయంత్రం తాళం వేసుకుని ఇంటికి పోవడం, ఇదీ నా ఉద్యోగం. నువ్వు నీ మందిరంలో వారానికి ఒక్కసారే తెరుస్తావు.

అసలు సంగతి. నిరుడు వచ్చినప్పుడు మీ మందిరం వెనక లోయలోకి దిగి ఆకుల్లో చెయ్యి పెట్టాను. మణికట్టు దాటి దిగబడింది. పాము కరుస్తుందని నువ్వు పైనుంచి కేకలు పెట్టావు. పాము కరిస్తే ఒక్కరికే. ఆ లోయలో ఎన్నో ఏళ్ళుగా మంట రాలేదు, రాలిన ఆకు రాలినట్టే పేరుకుపోయింది. నిప్పుది మన నడక కాదు అన్నయ్యా. ఎక్కేటప్పుడు పరుగెత్తుతుంది, దిగేటప్పుడు ఆయాసపడుతుంది. లోయలో ఎక్కడ రాజుకున్నా అది ఎక్కివచ్చేది మీ దగ్గరికే. వాలు పై అంచున మీ కాలనీ నలభై ఇళ్ళు, ఆ వరస చివర నీ మందిరం.

కాబట్టి పెద్ద మంట రాకముందే మేం చిన్న మంట పెడతాం. ముందుమంట అంటాం దాన్ని. పై అంచున వెలిగిస్తే మోకాలెత్తు మించకుండా మెల్లగా కిందికి దిగుతుంది. ఆకూ గడ్డీ పోతాయి, పెద్ద చెట్లకి మొదలు నల్లబడుతుంది, అంతే. తరవాత లోయలోంచి ఎంత పెద్దది వచ్చినా అక్కడ దానికి తిండి దొరకదు.

ఎవరింటి వెనక వాలుకి వాళ్ళు సంతకం పెట్టాలి. మందిరం వెనక ముక్కకి సంఘమంతా ఒప్పుకోవాలి. మావాళ్ళు వచ్చి వివరంగా చెప్తారు. అప్పటిదాకా దీనిమీద ప్రసంగం చెయ్యకు. ఒక్క ఆదివారం ఓర్చుకో.

నీ చెల్లెలు

*

ప్రార్థన మందిరం, కొండ అంచు కాలనీ,
గురువారం

నిప్పుకోడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం శనివారం అందింది. ప్రసంగం ఆదివారం అయిపోయింది.

ఓర్పు నాకు దేవుడిచ్చిన వరాల్లో లేదని తెలిసీ అడిగావంటే తప్పు నీదే.

నిప్పు ఆయనది. పొదని మండించి ఒక్క ఆకు మాడనివ్వనిది ఆయన నిప్పు. గుండంలో ముగ్గుర్ని తోసినా వాళ్ళ వెంట్రుక కమరనివ్వనిది ఆయన నిప్పు. మనిషి తెలివికి తోచి పెట్టిన నిప్పు గురించి కూడా గ్రంథంలో ఉంది. నక్కల తోకలకి దివిటీలు కట్టి చేలమీదికి తోలాడే, ఆ బలశాలి ఏమయ్యాడో చదువుకో. కళ్ళు పోయాయి, కప్పు నెత్తిన కూలింది. నేను ఏ కళాశాలకీ పోలేదు, నా బల్ల ఏటవాలుగా లేవదు. కానీ ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్టకి ఎన్నిసార్లు చదివానో నా కళ్ళద్దాలకి తెలుసు. తుఫాను రాకముందే చిన్న తుఫాను పుట్టించమని అందులో ఎక్కడా లేదు.

ఇంత చెప్పానా, మంగళవారం నీ పసుపుచొక్కాలు ఇద్దరు దిగారు. చేతిలో పలకలాంటి ఫోను, దాన్నిండా కదిలే బొమ్మలు. మంట పాకడం, ఆగిపోవడం, చిగురు రావడం. ఇంటింటికీ తిరిగి నీళ్ళు తాగారు, పిల్లల్ని ఎత్తుకున్నారు. సాయంత్రానికి నా సంఘమే మూడొంతులు సంతకాలు పెట్టేసింది! ఇన్నేళ్ళ నా గొంతు ఒక ఎత్తు, రెండు నిమిషాల బొమ్మ ఒక ఎత్తు అయింది. మందిరం ముక్క ఒక్కటీ తేలలేదు. అది తేలకుండా నేను చూసుకుంటున్నాను.

వచ్చే శుక్రవారం కాలుస్తారట. మేం రేపటినుంచి ఉపవాస ప్రార్థన మొదలుపెడుతున్నాం, వాన కోసం. నీ ఫ్యానుకీ ఆయన మబ్బుకీ పందెం.

వదిన బాగానే ఉంది.

అన్నయ్య

*

పరిశోధన కేంద్రం,
వాన వెలిసిన మర్నాడు

అన్నయ్యకు,

పందెం నువ్వే గెలిచావు. శుక్రవారం పొద్దున మావాళ్ళు పన్నెండుమంది, నిప్పుచుక్కలు కార్చే డబ్బాలు పట్టుకుని, నీ మందిరం అరుగుమీదే తలదాచుకున్నారట. వదిన అందరికీ టీ పోసిందట. నువ్వు గొడుగు వేసుకుని వాళ్ళ ముందు అటూ ఇటూ పచార్లు చేశావట. ఒక్కసారి చేస్తే సరిపోయేది.

ఆ వారం వాన సూచనే లేదు. మా పెద్దాయన తెరవంక చూసి ముక్కున వేలేసుకున్నాడు. మూడురోజులు కురిసింది. అభినందనలు, మనస్ఫూర్తిగానే.

ఇప్పుడు గొడుగు మడిచి ఇది విను. వాన అంటే నీకు తడి, నాకు గడ్డి. ఈ వానకి ఆ వాలుమీద గడ్డి నడుముదాకా లేస్తుంది. ఎండలు ముదిరాక అదే కాగితంలా ఎండుతుంది. అడుగున ఎప్పటి ఆకులో, పైన కొత్త కాగితం. నిప్పు రాకూడదని అడిగావు, దానికి వంటచెరుకు పంపించాడు. నీ దేవుడికి హాస్యం తెలియదని ఇకమీదట నేనననులే.

గడ్డి కాస్త ఎండగానే మళ్ళీ వస్తాం. సంతకాలు నిలబెట్టు.

నీ చెల్లెలు

*

ప్రార్థన మందిరం,
ఆదివారం ఆరాధన అయ్యాక

నిప్పుకోడికి,

నీ అభినందనలు అందాయి. వెటకారం తీసేసి మిగతాది సంఘానికి చదివి వినిపించాను.

ఇవాళ మందిరం పట్టలేదు. మా వీధి చివర ప్లంబరు, పెళ్ళికి తప్ప ఈ గడప తొక్కనివాడు, వచ్చి ముందువరసలో కూర్చున్నాడు. వానకి ఇల్లు కారిందట, అయినా దేవుడిమీద కోపం లేదన్నాడు. సంతకాలు పెట్టినవాళ్ళంతా సిగ్గుపడి వెనక్కి తీసుకున్నారు. నిలబెట్టమన్నావు గాని, పడిపోతున్నవాటిని నేనెలా ఆపను? దర్జీ పెద్దమ్మ లేచి సాక్ష్యం చెప్పింది: "ఈ మందిరం చుట్టూ ఆయన కంచె వేశాడు. అయ్యగారు ఇక్కడున్నంత కాలం దీని వెనకకి నిప్పు రాదు, రాదు, రాదు!" చప్పట్లతో రేకులు అదిరాయి. నేను కాదనలేదు. ఎందుకంటాను?

గడ్డి నడుముదాకా అన్నావు, అక్కడ నీ లెక్క తప్పింది. మీ వదినకి భుజందాకా వచ్చింది. వదిన పొట్టిది కదా అంటావేమో, ఆ మాట ఆవిడతోనే అను. గాలి వీస్తే అలలా వంగి లేస్తోంది, ఎంత ముచ్చటగా ఉందో! పచ్చని చోట మందని పడుకోబెట్టే కాపరి గురించి దాన్ని చూపిస్తూ గంటన్నర చెప్పాను. ఈమధ్య కొసలు పసుపు తిరుగుతున్నాయి. అదీ అందమే.

అన్నయ్య

*

పరిశోధన కేంద్రం, పటాల గది

అన్నయ్యకు,

ఈసారి వేళాకోళం లేదు.

నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. పెద్ద మంట వస్తే మా బృందాలు ఎక్కడ నిలబడి దాన్ని ఆపాలో ముందే పటం మీద గీత గీసి పెట్టుకుంటాం. మీ వైపు ఆ గీత పెద్దరోడ్డు. రోడ్డుకి అవతల ఆసుపత్రి, బడి, పట్నం. వాటిని కాపాడతాం. ఇవతల మీ కాలనీ. మనుషుల్ని ముందే ఖాళీ చేయిస్తాం, ఇళ్ళని వదిలేస్తాం.

ఎందుకంటే మీ కాలనీకి ఉన్నది ఒక్కటే సందు, ఒక్క లారీ పట్టేంత. చుట్టూ అంత గడ్డి ఉన్నచోటికి మావాళ్ళని పంపితే తిరిగి రారు. వాళ్ళకీ అన్నలున్నారు, చెల్లెళ్ళున్నారు.

ఆ గీత గీసింది నేనే. స్కేలు పెట్టి గీశాను. పటంలో నీ మందిరం ఒక చిన్న నల్ల చదరం. అక్కడికొచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఆగినా గీత మాత్రం ఉన్నచోటే ఉంది.

వాలు కాలిస్తే ఆ గీత చెరపొచ్చు. కాలి నల్లబడిన నేల మావాళ్ళకి కోటలాంటిది. అందులో నిలబడ్డవాళ్ళ జోలికి మంట రాదు. అప్పుడు రోడ్డు దాటి మీ ఇళ్ళదాకా పంపగలను. వేడిగాలులు మొదలయ్యేలోపు, వచ్చే నెల మొదట్లో, కొన్ని పొద్దుటిపూటలు మిగిలాయి. ఆ తరవాత మేం అగ్గిపుల్ల కూడా గియ్యం.

నీ సంఘం నీ మాట వింటుంది. అదే నా భయమూ, నా ఆశా.

చెల్లెలు

*

మందిరం

చెల్లాయికి,

తీర్పునాడు కుడివైపు గొర్రెలకి రక్షణ, ఎడమవైపు మేకలకి నిప్పు అని ఎన్నిసార్లు చెప్పానో! చెప్పేవాడు ఎప్పుడూ కుడివైపు నిలబడే చెప్తాడు. ఎడమవైపు నిలబడి వినడం నాకిదే మొదలు.

కోపం వచ్చింది. ఉత్తరం రెండుసార్లు ఉండచుట్టాను, రెండుసార్లు సాపు చేశాను. గీత తప్పని చూపించడానికి గ్రంథమంతా తిరగేశాను. దొరకలేదు.

నువ్వు దాచింది చెప్పావు కాబట్టి నేనూ చెప్తున్నాను. వదిన బాగాలేదు. ఉబ్బసం ముదిరింది. పక్కింట్లో చెత్త తగలబెడితే చాలు, తలుపు గొళ్ళెం పట్టుకుని నిలబడి ఊపిరి లాగుతుంది. వాలంతా పొగ అనగానే నాకు వేరే ఏమీ కనిపించలేదు. ముందు భయపడ్డాను, వాక్యాలు ఆ తరవాతే వెతికాను. నక్కల తోకలు ఆ కంగారులో దొరికినవే.

అన్నయ్య

అమ్మాయ్, నేను మీ వదినని. ఈయన నా ఊపిరి సంగతి దేవుడికి చెప్పాడు, ఊరందరిచేతా వాన అడిగించాడు, ఒక్క నన్ను మాత్రం అడగలేదు. మీరు కాల్చే రోజుకి రెండురోజుల ముందు నేను నీ దగ్గరికి వచ్చి కూర్చుంటాను. పక్క వేసి ఉంచు. ఈయన ప్రసంగం చెయ్యని ఇంట్లో నిద్రపోయి చాలాకాలమైంది.

*

పరిశోధన కేంద్రం

అన్నయ్యకు, వదినకు,

పక్క వేశాను. కిటికీ ఉన్న గది.

పొద్దున్నే కొండమీది చల్లగాలి కాలనీ వైపునుంచి లోయలోకి జారుతుంది. ఆ గాలి ఉన్నంతసేపే మంట నడిపిస్తాం, పొగ మీ ఇళ్ళవైపు తిరగదు. తిరిగితే ఆపేస్తాం. వదిన మళ్ళీ ఎప్పుడు రావాలో గాలిని కొలిచి నేను చెప్తాను, నువ్వు వాసన చూసి చెప్పకు.

సంతకాలు మాత్రం నువ్వే తేవాలి. పసుపుచొక్కాలవల్ల కాదు. వాళ్ళ బొమ్మలు వానలో కొట్టుకుపోయాయి. వాన తెప్పించినవాడే లేచి నిలబడి చెప్పాలి. కష్టమని తెలుసు. నీమీద వాళ్ళకున్న నమ్మకాన్ని నువ్వే తగ్గించాలి, అదీ మరీ తగ్గిపోకుండా. ఆ కొలత నా దగ్గర లేదు.

ఒక్క విన్నపం. గంటన్నర వద్దు.

నీ చెల్లెలు

*

మందిరం,
మంట ఆరిన రెండోరోజు

నిప్పుకోడికి,

నీ చొక్కాలు మంట సంగతి చెప్పే ఉంటారు. సంతకాల సంగతి నేను చెప్తాను.

ఆదివారం లేచి, "వాన అడిగాం, వచ్చింది. దాని వెనక ఏం మొలుస్తుందని నేను ఆయన్ని అడగలేదు, తెలిసిన మా చెల్లెల్నీ అడగలేదు. వాలు కాల్చాలి" అన్నాను. ఎవరో దగ్గారు.

ప్లంబరు చెయ్యెత్తాడు. "అయితే అయ్యగారూ, వాన పడటం తప్పంటారా? నేను కొత్తగా చేరాను, ముందే చెప్పెయ్యండి."

"వాన తప్పు కాదయ్యా. దాన్ని చూసి ఛాతీ విరుచుకున్నానే, అది తప్పు."

దర్జీ పెద్దమ్మ సూది గుచ్చినట్టు అంది: "నెల కిందట ఒక మాట, ఇవాళ ఒక మాట. మీ చెల్లెలేదో మందు పెట్టింది."

"పెట్టలేదు పెద్దమ్మా, గీత గీసింది" అని, పెద్దరోడ్డు సంగతి దాచకుండా చెప్పాను. మూలనున్న ఆవిడ తన ఇల్లు ఏ వైపో వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. తరవాత ఒక్కొక్కరూ వచ్చి సంతకాలు పెట్టారు. నలభై ఇళ్ళూ పెట్టాయి. పెద్దమ్మ కూడా పెట్టింది, వంకరగా.

మందిరం ముక్క దగ్గర ఆగిపోయారు.

"మా ఇళ్ళ వెనక కాల్చుకోండి, మా విశ్వాసం అంతంతమాత్రం" అన్నాడు ప్లంబరు. "మీదలా కాదు. మీ ప్రార్థనకి వాన దిగిన చోట నిప్పు పెట్టనిస్తామా?"

"నా ప్రార్థనలో అంత సరుకు లేదయ్యా!"

"అదిగో, ఆ అణకువే!" అంది పెద్దమ్మ. మళ్ళీ చప్పట్లు.

నాకు వ్యతిరేకంగా నేనే ముప్పావుగంట వాదించి ఓడిపోయాను. ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. అంత బాగా చెప్పినా ఒక్కరూ కదల్లేదు.

కాల్చేరోజు అగ్గిపెట్టె జేబులో వేసుకుని మందిరం వెనక్కి నేనే దిగాను. నీ చొక్కాల నాయకుడు మెల్లగా నా చెయ్యి పట్టుకున్నాడు. "సంఘం సంతకం లేదండీ, కుదరదు" అన్నాడు. మా అందరిలో చట్టానికి భయపడేవాళ్ళు వాళ్ళేనని అప్పుడు తెలిసింది.

మంటని చూశాను. మంద వాలు దిగినట్టు, తలలు వంచుకుని, మేసుకుంటూ దిగింది. ప్రవక్త గుహ ముందు నిలబడితే ఆయన మంటలో లేడట, ఆ తరవాత వచ్చిన సన్నని స్వరంలో ఉన్నాడట. చిటపటలు తగ్గాక చెవి పెట్టి విన్నాను. ఏదో పిట్ట నల్లటి నేలమీద వాలి పురుగుల కోసం తవ్వుకుంటోంది. వాలంతా నలుపు, మందిరం వెనక ఒక్క పట్టీ మాత్రం పసుపు. ఎవరో కావాలని వేసిన తివాచీలా, కింది లోయనుంచి నా వెనక గోడదాకా.

వదిన మందులు నీలం సంచిలో ఉన్నాయి. వేళకి వేసుకోమను.

అన్నయ్య

*

పరిశోధన కేంద్రం,
వేడిగాలులు తగ్గిన వారం

అన్నయ్యకు,

ఆరోజు ఏం జరిగిందో నువ్వు రోడ్డుమీదనుంచి చూశావు, నేను గదిలోంచి చూశాను. అందుకే నా వైపు సంగతి రాస్తున్నాను.

మంట లోయ అడుగునుంచి లేచింది. గాలి దాని వెనకే ఉంది. మీరంతా సందు దాటి రోడ్డెక్కారని కబురు అందింది. బృంద నాయకుడు వైర్‌లెస్‌లో అడిగాడు: "మేడమ్, రోడ్డు దగ్గరే ఆగమంటారా?" పటం నా ముందుంది, గీత నేను గీసిందే. "దాటండి, నలుపులోకి వెళ్ళండి" అన్నాను. పక్కవాళ్ళు మంచినీళ్ళిచ్చారు.

వాళ్ళు నలుపులో నిలబడ్డారు. మంట లోయలోంచి ఎక్కొచ్చి, నలుపు అంచున తిండి దొరక్క చచ్చింది. ఒక్క పసుపు పట్టీమీద మాత్రం, నా ఇనుపబల్లని నిట్టనిలువుగా ఎత్తినా చూడనంత జోరుగా, పరుగెత్తింది. నీ మందిరానివి చెక్కగోడలు. నీళ్ళు పట్టేసరికే కప్పు దిగిపోయిందట. పక్కిల్లు అంటుకోకుండా ఆపగలిగారు.

ఇక్కడ అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు. నివేదికలో "ఇళ్ళు: నష్టం లేదు. ఇతరాలు: ఒక షెడ్డు" అని రాశారు. షెడ్డు కాదు, మందిరం అని రాయమన్నాను. ఆ పట్టికలో మందిరాలకి గడి లేదట. పోట్లాడుతున్నాను. నీకేం రాయాలో మాత్రం తెలియడంలేదు.

నీ చెల్లెలు

*

కొండ అంచు కాలనీ

నిప్పుకోడికి,

పోట్లాట మానెయ్. షెడ్డనే ఉండనీ. ప్లంబరు ఎప్పుడూ అలాగే అనేవాడట, ఇప్పుడు చెప్తున్నాడు.

చేత్తో కట్టుకున్నది కదా, రోడ్డుమీద నిలబడి చూస్తూ చూస్తూ మళ్ళీ సందువైపు నాలుగడుగులు వేశాను. అబద్ధమెందుకు. నీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన వదినే నా మోచెయ్యి పట్టుకుని, "నలభై ఇళ్ళున్నాయి, లెక్కపెట్టండి" అంది. లెక్కపెట్టాను. ఆవిడ ఊపిరి కూడా లెక్కపెట్టాను. రెండూ సరిపోయాయి.

ఇన్నేళ్ళు ఆ గోడల మధ్య నిప్పు గురించి గొంతు చించుకున్నాను. చివరికి నా మాట విని మారుమాట్లాడకుండా మండింది ఆ గోడలొక్కటే.

సంఘం రెండుగా చీలింది. వాలు కాల్చడానికి ఒప్పుకుని నా విశ్వాసం సడలింది కాబట్టి మందిరం పోయిందని సగం. నా ప్రార్థనవల్లే ఇళ్ళు నిలిచాయని సగం. రెండు పక్షాలకీ నేను లేకపోతే గడవదు. నల్లటి నేలమీద నిలబడి నీళ్ళు కొట్టిన ఆ పన్నెండుమంది ఏ పక్షం లెక్కలోనూ లేరు. వాళ్ళ పేర్లు అడిగి రాసుకున్నాను, ప్రార్థనలో చెప్పడానికి.

మొన్న ఆదివారం ఆ నల్లటి వాలుమీదే గోనెలు పరుచుకుని కూర్చున్నాం. నేను లేచి గొంతు సవరించుకోగానే దర్జీ పెద్దమ్మ, "అయ్యగారూ, ఈ వారానికి నిప్పు గురించి వద్దులెండి, చూశాంగా" అంది. నా దగ్గర ఇంకేం సరుకుంది? మొదటిసారి పావుగంటలో ఆరాధన ముగిసింది. జనం సంతోషంగా ఇళ్ళకి పోయారు. ఆ సంతోషం చూసి కాస్త నొచ్చుకున్నాను కూడా.

పోతూ పోతూ పెద్దమ్మే వెనక్కి తిరిగింది. "మళ్ళీ గడ్డి వస్తుంది కదయ్యా, అప్పుడెవర్ని అడగాలి?" అంది. ప్లంబరు పైకి చూశాడు. నేను పైకి చూడలేదు. "మా చెల్లెల్ని" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు గాని, ఎవరూ కాదనలేదు.

కాబట్టి వానలు వెలిశాక నువ్వొచ్చి చెప్పాలి. ఎప్పుడు కాల్చాలో, గాలి ఎటుండాలో, ఎంత వదలాలో. ఆదివారమైతే జనం ఎలాగూ కూర్చునే ఉంటారు. గోనెమీద నీ పక్కనే నేనూ కూర్చుంటాను, మధ్యలో ఒక్క మాట మాట్లాడను. వదిన హామీ ఉంది.

అరగంట మించకూడదు. ఆ నియమం నీ ఒక్కదానికే.

అన్నయ్య